స్పెయిన్ క్యాన్సర్ వ్యతిరేక సంఘం: వైద్యం ఉచితమైన దేశంలో విరాళాల సంస్థకు పనేమిటి?

పినాకిని (వలెన్సియా)

సభ్యులందరికీ నమస్కారం. ఐరోపా ఆరోగ్య వ్యవస్థల గురించి మన వేదికలో చర్చ వచ్చినప్పుడల్లా బ్రిటన్, జర్మనీల దగ్గరే ఆగిపోతున్నాం కనుక, ఈసారి స్పెయిన్‌లో డెబ్బై ఏళ్లకు పైగా పనిచేస్తున్న ఒక సంస్థను ముందుకు తెస్తున్నాను. దాని పేరు ‘అసోసియాసియోన్ ఎస్పాన్యోలా కోంత్రా ఎల్ కాన్సెర్’, అంటే స్పెయిన్ క్యాన్సర్ వ్యతిరేక సంఘం. 1953లో, నియంత ఫ్రాంకో పాలన సాగుతున్న రోజుల్లో ఇది మొదలైంది. మరణ వార్తల్లో సైతం ఈ జబ్బు పేరు రాయడానికి కుటుంబాలు వెనుకాడే కాలమది. పలుకుబడి గల ఇళ్ల స్త్రీలు కూడళ్లలో బల్లలు వేసుకుని, హుండీలు చేతబట్టి చిల్లర పోగుచేసేవారు. ఆ వార్షిక వసూలు దినం ఇప్పటికీ ఉంది. వసంతం ముగిసే రోజుల్లో మా ఊరి మార్కెట్ ముందు ఆకుపచ్చ బట్ట పరిచిన బల్లలు కనిపిస్తాయి.

ఈనాడు ఆ సంఘానికి 50 ప్రావిన్సుల్లోనూ, ఆఫ్రికా తీరంలోని సెయూతా, మెలియా నగరాల్లోనూ కలిపి 52 శాఖలు, 5 లక్షలకు పైగా చందాదారులు, వేలాది స్వచ్ఛంద కార్యకర్తలు ఉన్నారు. 2010 నుంచి లెతీసియా (అప్పటికి యువరాణి, ఇప్పుడు రాణి) గౌరవాధ్యక్షురాలు. దేశంలో 2025లో సుమారు 2,96,000 కొత్త కేసులు వస్తాయని క్యాన్సర్ రిజిస్ట్రీల (కేసులను నమోదు చేసే సంస్థల) అంచనాలు చెప్పాయి కాబట్టి, ఈ సంఘం తలుపు తట్టని కుటుంబం ఉండవచ్చునేమో గాని, దాని పేరు వినని కుటుంబం ఉండదు.

నా సందేహం ఇది. 1986 నాటి ఆరోగ్య చట్టంతో స్పెయిన్ పన్నుల మీద నడిచే సార్వత్రిక వైద్య వ్యవస్థను నెలకొల్పింది. శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ అన్నీ రోగికి ఉచితమే. అలాంటప్పుడు ఇంత పెద్ద విరాళాల సంస్థ దేనికోసం బతుకుతోంది? నాకు తోచిన జవాబు ఉంది గాని, ముందు మీ అభిప్రాయాలు వినాలని ఉంది.

నల్లమల (హైదరాబాదు)

పినాకిని గారూ, మీ ప్రశ్నలోనే జవాబు ఉందని నా అభిప్రాయం. ప్రభుత్వం చేయవలసిన పనిని పూర్తిగా చేయడం లేదు, మిగిలినదాన్ని ప్రజల జాలిగుణం మీదికి నెట్టేసింది. రాణి గారు గౌరవాధ్యక్షురాలిగా ఉన్న సంస్థ ప్రభుత్వాన్ని నిలదీస్తుందని నేను నమ్మలేను. పన్ను కట్టిన పౌరుడే మళ్లీ వీధిలో హుండీలో డబ్బు వేయవలసి రావడం, ఆ డబ్బుతో తన హక్కునే తిరిగి కొనుక్కోవడం నాకు విడ్డూరంగా అనిపిస్తోంది. ఆ సంఘం రోజువారీ పని ఏమిటో ముందు వివరంగా చెప్పండి. ‘సేవ’, ‘అండ’ వంటి మాటలు వద్దు, పనులు చెప్పండి.

పినాకిని (వలెన్సియా)

నల్లమల గారూ, పనులే చెబుతాను.

మొదటిది మనస్సుకు సంబంధించినది. ఆసుపత్రి వైద్యుడు బయాప్సీ ఫలితం చెప్పి, చికిత్స ప్రణాళిక వివరించి తర్వాతి రోగిని పిలుస్తాడు. అంతకంటే సమయం అతని దగ్గర ఉండదు. క్యాన్సర్ రోగులతో పనిచేయడంలో శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలినంత మంది లేరు. సంఘం తానే జీతమిచ్చి అటువంటి నిపుణులను నియమించి, ఒప్పందాల ద్వారా అనేక ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే కూర్చోబెడుతోంది. రోగితో పాటు భార్య, భర్త, పిల్లలు కూడా వారిని ఉచితంగా కలవవచ్చు. ఇరవై నాలుగు గంటలూ పనిచేసే ఉచిత ఫోన్ నంబరు ఒకటి ఉంది: 900 100 036. అర్ధరాత్రి రెండింటికి జ్వరం వచ్చిన రోగి ఆసుపత్రి అత్యవసర విభాగానికే వెళ్లాలి, సరే. కాని అదే వేళ నిద్రపట్టని భార్య ఎవరితో మాట్లాడాలి? ఆ నంబరు ఆమె కోసం కూడా.

రెండవది నివాసం. రేడియేషన్ వారాల తరబడి, వారానికి ఐదు రోజులు సాగే చికిత్స. ఆ యంత్రం ప్రతి ఊళ్లోనూ ఉండదు. మెలియాలో ఉన్నవారు సముద్రం దాటి మాలగా వెళ్లాలి. కానరీ దీవుల్లోని లా గొమేరా, ఎల్ యెర్రోల నుంచి పెద్ద దీవులకు వెళ్లాలి. చికిత్స ఉచితమే, కాని నెలన్నర పాటు పరాయి ఊళ్లో గది అద్దె ఎవరు కడతారు? సంఘం పెద్ద ఆసుపత్రుల దగ్గర ఫ్లాట్లు, వసతి గృహాలు నడుపుతోంది. రోగీ, వెంట వచ్చినవారూ అక్కడ ఉండవచ్చు.

మూడవది డబ్బు, ఇదే అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునే విషయం. ఆసుపత్రిలో ఇచ్చే మందులు ఉచితమైనా, మందుల దుకాణంలో కొనేవాటికి ఆదాయాన్ని బట్టి వాటా చెల్లించాలి. విగ్గు, చర్మానికి రాసుకునే లేపనాలు, ప్రత్యేక ఆహారం సాధారణంగా సొంత ఖర్చే. జీతగాడికి అనారోగ్య సెలవు ఉంటుంది. స్వయం ఉపాధి మీద బతికే చిన్న దుకాణదారుకు, వడ్రంగికి, టాక్సీ యజమానికి వచ్చే భృతి చాలా స్వల్పం, పైగా సెలవు మొదటి అరవై రోజులూ సామాజిక భద్రతా చందా తానే కట్టుకోవాలి. దుకాణం మూతపడినా అద్దె ఆగదు కదా. సంఘం తరఫున పనిచేసే సామాజిక కార్యకర్తలు ఏ భృతికి ఎవరికి అర్హత ఉందో చూసి, దరఖాస్తులు రాయించి, అప్పటికప్పుడు అవసరమైన వారికి నేరుగా ఆర్థిక సాయం కూడా ఇప్పిస్తారు. చాలా శాఖల్లో విగ్గులను, చక్రాల కుర్చీలను, మడిచే మంచాలను వాడుకోవడానికి ఇచ్చి తిరిగి తీసుకుంటారు.

ఇక కీమోథెరపీ ఎక్కించే గదుల్లో కాఫీ బండి తోసుకుంటూ వచ్చే కార్యకర్తలను మీరు చూస్తే నవ్వుకుంటారేమో. కాని నాలుగు గంటలు సెలైన్ సీసా వైపు చూస్తూ కూర్చున్నవారికి ఆ కాఫీ చిన్న విషయం కాదని మా పొరుగింటి పెద్దాయన చెప్పేవారు.

వంశధార (మాడ్రిడ్)

పినాకిని గారు చెప్పనివి రెండు విషయాలు మిగిలాయి. మొదటిది ఉపశమన చికిత్స. నయం కాని దశకు చేరినవారిని ఇంటి వద్దనే చూసుకునే వైద్యుడు, నర్సు, మనస్తత్వ నిపుణుడు కలిసిన బృందాలను ప్రభుత్వ వ్యవస్థ ఇంకా గట్టిగా పట్టించుకోని రోజుల్లోనే సంఘం నడిపింది. ఆ పనిని ఇప్పుడు చాలావరకు ప్రభుత్వాలు తమ చేతుల్లోకి తీసుకున్నాయి. నల్లమల గారు అడిగిన ప్రశ్నకు ఇదొక పాక్షిక సమాధానం అవుతుంది: ఖాళీని ముందుగా చూసినవారు దాన్ని పూడుస్తారు, పూడ్చి చూపిన తర్వాత ప్రభుత్వానికి తప్పించుకునే వీలుండదు. ప్రతిసారీ ఇలాగే జరిగిందని మాత్రం అనను. క్యాన్సర్ రోగులకు మనస్తత్వ సేవ విషయంలో ఖాళీ ఇంకా ఖాళీగానే ఉంది, సంఘమే దాన్ని మోస్తోంది.

రెండవది పరిశోధన. నేను ఉన్న రంగం అదే కనుక కాస్త విస్తరంగా రాస్తాను. 1971లో సంఘం ఒక శాస్త్రీయ ఫౌండేషన్ నెలకొల్పింది. స్పెయిన్‌లో ప్రభుత్వ పరిశోధన నిధులు ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడల్లా మొదట కోతకు గురవుతాయి. 2008 తర్వాతి సంవత్సరాల్లో యువ పరిశోధకులు దేశం విడిచి వెళ్లిపోయిన తీరు ఇక్కడి ప్రయోగశాలల్లో ఇప్పటికీ మాట్లాడుకుంటారు. అటువంటి సమయంలో చందాల మీద నడిచే ఈ ఫౌండేషన్ పరిశోధన సాయానికి దరఖాస్తులు పిలవడం ఆపకపోవడం వల్ల ఎన్నో బృందాలు చెదిరిపోకుండా నిలిచాయి. దరఖాస్తులను బయటి నిపుణులు పరిశీలిస్తారు, సంఘం పెద్దలకు నచ్చినవారికి ఇచ్చే పద్ధతి కాదు. డాక్టరేట్ చేస్తున్న విద్యార్థి దగ్గర నుంచి స్థిరపడిన ప్రయోగశాల వరకు వేర్వేరు దశలకు వేర్వేరు సహాయాలు ఉంటాయి. మందుల కంపెనీలకు లాభం కనిపించని బాల్య క్యాన్సర్లు, అరుదైన క్యాన్సర్లు, క్లోమ గ్రంథి క్యాన్సర్ వంటి మొండి రకాల మీద పనికి ఇటువంటి డబ్బు ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు.

సెప్టెంబరు 24ను ప్రపంచ క్యాన్సర్ పరిశోధన దినంగా జరపడం 2016లో ఈ సంఘం చొరవతోనే మొదలైంది. 2030 నాటికి ఐదేళ్ల మనుగడ రేటును (నిర్ధారణ తర్వాత ఐదేళ్లకు బతికి ఉన్నవారి శాతాన్ని) 70 శాతానికి చేర్చాలన్నది వారు ప్రకటించుకున్న లక్ష్యం. రిజిస్ట్రీల లెక్కల ప్రకారం 2008–2013 మధ్య రోగ నిర్ధారణ జరిగినవారిలో ఇది పురుషులకు 55 శాతం, స్త్రీలకు 62 శాతం దగ్గర ఉంది. మిగిలిన దూరాన్ని కేవలం పరిశోధనతో దాటలేమని నా అనుమానం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ముందుగా పట్టుకోవడం, పొగాకును తగ్గించడం జరగకుండా ఆ అంకె కదలదు.

కిన్నెరసాని (బెంగళూరు)

నేను ప్రజా ఆర్థిక వ్యవహారాల విద్యార్థిని. పరిశోధన కోసం కొంతకాలం బార్సెలోనాలో ఉన్నాను. ఈ సంఘం గురించి నాకు ఆసక్తి కలిగించినది దాని సేవల కంటే దాని ఆదాయ మార్గాలు. చందాదారుల నెలవారీ చెల్లింపులు, వీలునామాల ద్వారా వచ్చే ఆస్తులు, కంపెనీల విరాళాలు, నడకలు, పరుగులు, డిసెంబరు లాటరీ టిక్కెట్ల మీద వచ్చే అదనపు రుసుము ఇవన్నీ ఒక వైపు. ఇంకో వైపు ఆదాయపు పన్ను పత్రంలో ఒక గడి ఉంటుంది. పౌరుడు అందులో గుర్తు పెడితే అతను కట్టే పన్నులో 0.7 శాతం సామాజిక సంస్థల పనులకు వెళుతుంది, అతనికి అదనపు భారం ఉండదు. ఈ సంఘానికి ఆ నిధుల్లోనూ వాటా అందుతుంది. అంటే ఇది పూర్తిగా ప్రైవేటు దాతృత్వం కాదు, పన్ను డబ్బు ఏ పనికి వెళ్లాలో పౌరుడే కొంతవరకు చెప్పే ఏర్పాటు కూడా ఇందులో కలిసి ఉంది.

2020లో సంఘం వెలువరించిన ఒక అధ్యయనం స్పెయిన్ సమాజం క్యాన్సర్ మీద ఏటా కనీసం 1,930 కోట్ల యూరోల భారం మోస్తోందనీ, అందులో 45 శాతం కుటుంబాల మీదే పడుతోందనీ చెప్పింది. నల్లమల గారి వాదానికి ఇంతకంటే బలమైన ఆధారం దొరకదు. వైద్యం ఉచితమైన దేశంలో దాదాపు సగం భారం ఇంటి మీద పడుతోందంటే, ఆ ఉచితం ఆసుపత్రి గుమ్మం దగ్గరే ఆగిపోతోందన్నమాట. ఆ లెక్క తీసి బయట పెట్టింది మాత్రం ఆ సంఘమే, ప్రభుత్వం కాదు.

దాతృత్వం విషయంలో ఆ దేశంలో జరిగిన పెద్ద వివాదం ఇంకొకటి ఉంది, అది ఈ సంఘానికి సంబంధించినది కాదు. జారా దుస్తుల సంస్థ స్థాపకుడు అమాన్సియో ఒర్తేగా ఫౌండేషన్ 2017లో ప్రభుత్వ ఆసుపత్రులకు మామోగ్రఫీ (రొమ్ము ఎక్స్‌రే), రేడియేషన్ యంత్రాల కోసం 32 కోట్ల యూరోలు, 2021లో పది ప్రోటాన్ చికిత్స (ఒక రకం రేడియేషన్) యంత్రాల కోసం 28 కోట్ల యూరోలు ఇచ్చింది. ప్రభుత్వ వైద్య పరిరక్షణ సంఘాలూ వామపక్ష నాయకులు కొందరూ దాన్ని తీవ్రంగా విమర్శించారు: కోటీశ్వరుడు న్యాయంగా పన్ను కడితే చాలు, ఏ యంత్రం కొనాలో అతను నిర్ణయించనక్కరలేదన్నారు. క్యాన్సర్ రోగులు చాలామంది ఆ విమర్శకుల మీద మండిపడ్డారు. నా దృష్టిలో ఒర్తేగా విరాళానికీ ఈ సంఘానికీ పోలిక లేదు. లక్షలమంది నెలకు కొద్ది యూరోల చొప్పున ఇచ్చే సొమ్ముకు ఒక్కడి ఇష్టం దారి చూపదు. కాని కంపెనీల విరాళాల వాటా పెరిగేకొద్దీ ఆ తేడా సన్నబడుతుంది. అక్కడ జాగ్రత్త అవసరం.

చిత్రావతి (అనంతపురం)

నెలనెలా కొద్ది మొత్తం ఇచ్చే అలవాటు గురించి కిన్నెరసాని గారు అన్నది మా జిల్లా వారికి కొత్తగా అనిపించదు. విసెంతే ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఇన్నేళ్లు నడిచింది స్పెయిన్ సామాన్య కుటుంబాలు పంపే నెలవారీ చందాల మీదే. బత్తలపల్లి ఆసుపత్రి, ఊరూరా కట్టిన ఇళ్లు, బడులు ఆ సొమ్ముతోనే లేచాయి. మా ఇంట్లో కూడా చిన్నప్పుడు ఒక స్పెయిన్ కుటుంబం నుంచి ఏడాదికొకసారి ఉత్తరం వచ్చేది. వారు ధనవంతులు కారు. ఆయన పోస్టాఫీసు ఉద్యోగి, ఆమె బడి పంతులమ్మ.

ఆ దేశంలో మతం, పొరుగు, పంచాయతీ స్థాయి సంఘాల ద్వారా ఇచ్చే గుణం చాలా లోతుగా ఉందని నేను అర్థం చేసుకున్నాను. క్యాన్సర్ సంఘానికి పల్లెల్లో సైతం శాఖలు ఉండటానికి అదే కారణమై ఉంటుంది. చిన్న ఊళ్లో శాఖ నడిపేది ఎక్కువగా నడివయసు దాటిన స్త్రీలేనని విన్నాను. నిజమేనా, పినాకిని గారూ?

పినాకిని (వలెన్సియా)

నిజమే, చిత్రావతి గారూ. పల్లెల్లో కార్యకర్తలు ఎక్కువగా స్త్రీలు, వారిలో చాలామంది జబ్బు నుంచి కోలుకున్నవారు లేదా ఇంట్లో ఒకరిని పోగొట్టుకున్నవారు. ఇంట్లో రోగిని చూసుకునే పని కూడా అధికంగా స్త్రీలదే కాబట్టి, ఒకే మనిషి ఇంట్లోనూ సంఘంలోనూ అదే చాకిరీ చేస్తుంటుంది. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. యువకులు ముందుకు రావడం తగ్గిందని పల్లె శాఖల వారు వాపోతుంటారు, ఊళ్లే ఖాళీ అవుతున్నప్పుడు ఇది ఆశ్చర్యం కాదు.

నల్లమల (హైదరాబాదు)

సేవల విషయంలో నాకు పేచీ లేదు. మన దగ్గర 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ శస్త్రచికిత్సకు డబ్బు ఇచ్చింది గాని, రోగి వెంట వచ్చినవారు ఎక్కడ పడుకుంటారో ఆలోచించలేదు. క్యాన్సర్ ఆసుపత్రుల ముందు ఫుట్‌పాత్‌ల మీద చూస్తే తెలుస్తుంది. కనుక వసతి గృహాలు నడపడం గొప్ప పనే.

నా పేచీ నిలదీయడం దగ్గర. 2025 అక్టోబరులో దక్షిణ స్పెయిన్‌లోని ఆందలూసియా ప్రాంతంలో బయటపడిన వ్యవహారం మీకు తెలిసే ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ ముందస్తు పరీక్షలో అనుమానాస్పద ఫలితం వచ్చిన సుమారు 2,000 మంది స్త్రీలకు తదుపరి పరీక్ష చేయించుకోవాలన్న సంగతే సకాలంలో చెప్పలేదు. కొందరికి జబ్బు ముదిరిన తర్వాత తెలిసింది. ఆ ప్రాంతీయ ఆరోగ్య మంత్రి రాజీనామా చేయవలసి వచ్చింది. దాన్ని బయటకు లాగింది ఎవరు? సెవియాలో రొమ్ము క్యాన్సర్ స్త్రీలు తామే కట్టుకున్న ‘అమామా’ అనే చిన్న సంఘం. వీధుల్లోకి వచ్చిందీ వారే. ఆసుపత్రులతో ఒప్పందాలు, ప్రభుత్వ నిధులు, రాజకుటుంబం అండ ఉన్న పెద్ద సంఘం ముందు నిలబడి అలా అరవగలదా? అరిస్తే రేపు ఆసుపత్రిలో తన మనస్తత్వ నిపుణులకు గది దొరుకుతుందా?

వంశధార (మాడ్రిడ్)

నల్లమల గారి ప్రశ్న న్యాయమైనది. రోగులే నడిపే సంఘానికి ఉండే తెగువ, అన్ని ప్రభుత్వాలతోనూ పనిచేయవలసిన జాతీయ సంస్థకు ఉండదు. స్పెయిన్‌లో ఆరోగ్యం పదిహేడు స్వయంప్రతిపత్తి ప్రాంతాల చేతిలో ఉంది. ప్రతిచోటా వేరు పార్టీ, వేరు మంత్రి. పదిహేడు చోట్లా తలుపులు తెరిచి ఉంచుకోవాలంటే గొంతు తగ్గించి మాట్లాడవలసి వస్తుంది.

అయితే గొంతు తగ్గించి మాట్లాడినవారు సాధించినది కూడా చూడాలి. రొమ్ము క్యాన్సర్ పరీక్షలు 1990లో ఉత్తరాన ఉన్న నవార్రా ప్రాంతంలో మొదలయ్యాయి. పెద్దపేగు క్యాన్సర్ విషయంలో ఒక్కో ప్రాంతం ఒక్కో వేగంతో నడిచింది. 50 నుంచి 69 ఏళ్ల వారందరికీ రెండేళ్లకొకసారి మల పరీక్ష చేయించడం దేశమంతటా తప్పనిసరి సేవగా 2014లో గాని మారలేదు. 2019లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలూ ఆ జాబితాలో చేరాయి. పక్క ప్రావిన్సులో ఉంటే పరీక్షకు పిలుపు వచ్చేది, ఇక్కడ ఉన్నందుకు రాలేదు అన్న అసమానతను అంకెలతో చూపిస్తూ ఏళ్ల తరబడి వెంటపడినవాటిలో ఈ సంఘం ముందుంది. ఆ పనికి ఊరేగింపు కన్నా ఓపిక ఎక్కువ కావాలి. అయితే పరీక్షలు చట్టంలోకి వచ్చిన తర్వాత అవి సరిగా నడుస్తున్నాయో లేదో కాపలా కాయడం వేరే పని. ఆందలూసియాలో తప్పిపోయింది ఆ కాపలాయే, దానికి అమామా వంటివారు కావాలి. రెండు రకాల సంఘాలూ ఉండాలనే నేను అనుకుంటాను, ఒకటి ఇంకొకదాని పని చేయలేదు.

పినాకిని (వలెన్సియా)

చట్టాల మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు చెబుతాను. బార్లలో పొగ తాగడాన్ని స్పెయిన్ 2006 చట్టంతో సగమే ఆపింది. చిన్న బార్ల యజమానులు ఇష్టమైతే అనుమతించవచ్చన్నారు, దాదాపు అందరూ అనుమతించారు. వడ్డించేవాళ్లు రోజంతా ఆ పొగలోనే నిలబడేవారు. 2011 జనవరిలో పూర్తి నిషేధం వచ్చేవరకు వైద్య సంఘాలతో పాటు ఈ సంఘం కూడా వెనక్కి తగ్గలేదు. హోటళ్ల వ్యాపారం కూలిపోతుందన్న జోస్యాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. బార్లు మాత్రం ఎప్పటిలాగే కిటకిటలాడుతున్నాయి. ఇప్పుడు ఈ సంఘం దృష్టి బార్ల ముందు ఆరుబయట వేసే కుర్చీల మీద, సముద్రతీరాల మీద ఉంది. బార్సెలోనా తన బీచ్‌లన్నిటిలో 2022లో పొగను నిషేధించింది.

రెండవది 2023 జూన్‌లో వచ్చిన నిబంధన. చికిత్స ముగిసి ఐదేళ్లపాటు జబ్బు తిరగబెట్టని వ్యక్తికి క్యాన్సర్ వచ్చిందన్న కారణంతో బీమా కంపెనీ ఎక్కువ ప్రీమియం వేయకూడదు, ఇంటి రుణంతో ముడిపడిన బీమా నిరాకరించకూడదు, అసలు ఆ సంగతి అడిగి తెలుసుకోకూడదు. ఫ్రాన్స్ ఇటువంటి హక్కును 2016 లోనే ఇచ్చింది. ఇరవై ఏళ్ల వయసులో లింఫోమా (శోషరస వ్యవస్థకు వచ్చే క్యాన్సర్) నుంచి కోలుకుని ముప్పై ఏళ్లకు ఇల్లు కొనబోయిన యువతికి ఇది ఎంత అవసరమో ఊహించండి. దీనికోసం ఒత్తిడి చేసినవారిలో ఈ సంఘం ఉంది. ఇది చందాలతో తీరే అవసరం కాదు, చట్టంతోనే తీరాలి. కాబట్టి నల్లమల గారూ, వారు ప్రభుత్వాన్ని ఏమీ అడగరన్న మాట మాత్రం నిలవదు.

నల్లమల (హైదరాబాదు)

అడుగుతారు సరే. అడగడానికీ నిలదీయడానికీ మధ్య దూరం ఉందన్న నా మాట మీదే నేను ఉన్నాను. పొగాకు విషయంలో వారి మొండితనం మాత్రం నాకు నచ్చింది.

తుంగభద్ర (బార్సెలోనా)

చర్చను ఆసక్తిగా చదువుతున్నాను. నాది ఒక ఆచరణాత్మక ప్రశ్న. మా పరిచయస్థులైన ఒక తెలుగు కుటుంబంలో తల్లికి ఇటీవల రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆమె కొడుకు దగ్గర ఉండటానికి వచ్చారు, నివాస పత్రాలు ఇంకా పూర్తికాలేదు, స్పానిష్ రాదు. ఇటువంటి వారికి ఈ సంఘం సాయం చేస్తుందా? సభ్యత్వం తీసుకోవాలా?

పినాకిని (వలెన్సియా)

తుంగభద్ర గారూ, సభ్యత్వం అవసరం లేదు, సేవలు అందరికీ ఉచితం. పత్రాలు లేని విదేశీయుల వైద్య హక్కును 2012లో ఒక ఉత్తర్వుతో కత్తిరించి, 2018లో మరో ఉత్తర్వుతో పునరుద్ధరించారు. అయితే అమ్మగారు ఏ వీసా మీద వచ్చారు, ఆమెను చూసుకుంటామని కొడుకు హామీ పత్రం ఏదైనా ఇచ్చారా అన్నదాన్ని బట్టి అర్హత మారుతుంది. ఆ చిక్కు విప్పడం సామాజిక కార్యకర్తల పనే. కొడుకుకు స్పానిష్ వస్తుంది కదా, పైన రాసిన నంబరుకు ఆయనే ఫోన్ చేసి బార్సెలోనా శాఖలో సామాజిక కార్యకర్తతో కలిసే సమయం అడగమనండి. వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు, మునిసిపాలిటీలో చిరునామా నమోదు చేయించుకున్న కాగితం, ఆసుపత్రి నివేదికలు తీసుకెళ్లాలి. చిరునామా నమోదు ఇంకా చేయించకపోతే ముందు ఆ పని చూడమనండి, ఇక్కడ ఏ దరఖాస్తు అయినా ఆ కాగితం అడుగుతుంది. చికిత్స మొదలుపెట్టడానికి మాత్రం ఇవన్నీ పూర్తయ్యేదాకా ఆగవద్దు, ఆసుపత్రిలో ఉండే సామాజిక కార్యకర్తను కూడా ఇవాళే కలవమనండి. అమ్మగారితో తెలుగులో మాట్లాడే మనిషి కావాలంటే నాకు వ్యక్తిగత సందేశం పంపండి, ఇక్కడి తెలుగువారిలో ఇద్దరు ముగ్గురిని అడిగి చూస్తాను.